నార చుట్టిన బోల్టులు

మా ఇంట్లో పొయ్యిలు రెండు కావడానికి తోడికోడళ్ళ గొడవే కారణమని ఊరంతా అనుకుంటుంది. అనుకోనీ. తోడికోడళ్ళం ఇద్దరం ఒక్క మాట మీద నిలబడబట్టే పొయ్యిలు రెండయ్యాయంటే నమ్మేవాళ్ళెవరు? ఎనభై అయిదు వేసవిలో, రసాలు కోతకొచ్చిన రోజుల్లో, మా ఆయన తిరుపతిరావు మోటార్ సైకిల్ చక్రానికి జనపనార చుట్టాడు. అదీ అసలు సంగతి. కట్టుకున్నవాడి గురించి మర్యాదగా చెప్పాలని నాకూ తెలుసు. ఈ ఒక్క విషయం చెప్పేటప్పుడు మాత్రం నా నోటికి మర్యాద రాదు.

మాది నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు మీద దిగి, లోపలికి నడవాల్సిన ఊరు. ఇళ్ళు పోను మిగతాదంతా మామిడి తోటలే. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల మోటార్ సైకిళ్ళున్న రైతులు కోతల చివర్లో వరసగా రెండు ఆదివారాలు గంప పందెం అని ఒకటి పెట్టుకునేవారు. తోటల మధ్య ఎర్రమట్టి దారిలో బయల్దేరి, ఎండిన వాగులోకి దిగి, ఇసకలో పడి లేచి, అవతలి గట్టెక్కి, చుట్టు తిరిగి మళ్ళీ మొదటికి రావాలి. నడిపేవాడి వెనక ఇంకో మనిషి పండిన రసాల గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ఆ మనిషి కూలివాడు కాకూడదు, ఆ ఇంటివాడే అయ్యుండాలి. బండి ముందొస్తే చాలదు, గంపలో పళ్ళు చితక్కుండా రావాలి. మా ఇంటి తరఫున నడిపేది మా ఆయన. గంప పట్టుకుని వెనక కూర్చునేది ఆయన తమ్ముడు బసవపున్నారావు.

ఆ ఏడు గట్టెక్కేటప్పుడు బండికి లాగుడు సరిపోవాలని మా ఆయన హనుమాన్ జంక్షన్ వెళ్ళి, మెకానిక్ జోజిబాబు చేత వెనక చక్రానికి పెద్ద స్ప్రాకెట్ వేయించాడు. స్ప్రాకెట్ అంటే చైను పట్టుకుని తిప్పే పళ్ళ చక్రం. దాన్ని బోల్టులతో బిగిస్తారు. బోల్టు తల కింద పల్చటి రేకు వేసి, బిగించాక ఆ రేకు చెవిని బోల్టు మీదికి వంచుతారు, అది వెనక్కి తిరక్కుండా. లాకు రేకు అంటారు దాన్ని. కొత్త స్ప్రాకెట్ కుదురుకునేదాకా బోల్టులు సర్దుకుంటాయి కాబట్టి మట్టిలో తిరిగాక ఓసారి మళ్ళీ బిగించుకోమని జోజిబాబు చెప్పి పంపాడట. ఆ మాట మా ఆయనే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు.

"మళ్ళీ బిగించాలంటే మొదటిసారి వాడు సరిగ్గా బిగించనట్టేగా" అన్నాడు. ఆయన తెలివి అంత.

నాలుగు రోజులు వాగులో ప్రాక్టీసు చేసేసరికి బోల్టులు వదులయ్యాయి. కావా మరి. నేను మజ్జిగ తీసుకుని బోరు దగ్గరికి వెళ్ళేసరికి ఈయన చక్రం ఊడదీసి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. లాకు రేకులన్నీ పీకి పిచ్చి మొక్కల్లోకి గిరాటేశాడు. పంపు సామాన్ల పెట్టెలోంచి జనపనార కట్ట తీసి, పోగు పోగు ఊడదీసి, బోల్టు మరలకి చుడుతున్నాడు. పైన పంపు పైపులకి రాసే పెయింటు కూడా పూస్తున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"కనపడట్లా? మళ్ళీ ఊడకుండా నార చుడుతున్నా."

"అది పైపులకి కదండీ చుట్టేది."

"మర ఎక్కడైనా మరే. మన పంపుకి నేను చుట్టిన నార ఇన్నేళ్ళలో ఒక్క చుక్క కార్చిందా?"

"నీళ్ళు కారకుండా ఉండటానికీ, బోల్టు ఊడకుండా ఉండటానికీ ఏంటండీ సంబంధం? పైపు కదలకుండా పడుంటుంది. ఇది రాళ్ళ మీద ఎగిరెగిరి పడేది."

"నీకెందుకు ఇవన్నీ. వెళ్ళి ఆవకాయ ముక్కల సంగతి చూసుకో" అన్నాడు, మజ్జిగ చెంబు అందుకుంటూ.

నాకెందుకా. మా నాన్నది బాపులపాడులో రైసు మిల్లు. పుల్లీల మధ్య, బెల్టుల మధ్య పుట్టి పెరిగినదాన్ని. రేకు చెవి వంచకుండా పుల్లీ తిప్పితే మా నాన్న ఎంతటివాణ్ణయినా మిల్లులోంచి బయటికి నడిపించేవాడు. నార చుట్టిన బోల్టు స్పానర్‌కి బరువుగానే తగులుతుంది. గట్టిగా బిగిసిందనిపిస్తుంది. బిగిసింది నార, ఇనుముకి ఇనుము ఆనలేదు. నాలుగు కుదుపులకి నార నలిగి పిండయితే ఆ బోల్టు ఎటు తిరిగినా అడిగే నాథుడుండడు. ఇదంతా చెప్పబోతే ఈయన అప్పటికే రెండో బోల్టు మీద పడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెంబు అక్కడే వదిలేసి వచ్చేశాను.

బండి నడిపేది ఆయన, కడిగేది మాత్రం నేను. ఆ దుమ్ముతో వాకిట్లోకి తెస్తే నేనే చీపురు పట్టుకోవాలి కాబట్టి ముందే కడిగేసేదాన్ని. రెండు రోజుల తర్వాత కడుగుతుంటే బోల్టు తలల చుట్టూ ఎర్రగా సన్నటి పొడి కనిపించింది. కుంకం రాలినట్టుంది. అది తుప్పు పొడి. వదులైన ఇనుము ఇనుముతో రాపిడి పడితే వచ్చేది. చైను పట్టుకుని అటూ ఇటూ లాగితే స్ప్రాకెట్ మొత్తం కటకటమంది.

బసవపున్నారావు అప్పుడే తోటలోంచి కాయలు కోసే చిక్కం కర్ర భుజాన వేసుకుని వస్తున్నాడు. మా ఇంట్లో చెట్టెక్కి కాయ కోయగలిగింది అతనొక్కడే. కూలివాళ్ళు అందుకోలేని కొమ్మ మీదికి కూడా ఉడతలాగా పాకేవాడు. పిలిచి బోల్టులు చూపించాను.

"చైను ఏ పక్కనుంది?" అనడిగాను.

"ఎడమ పక్క."

"వెనక కూర్చుంటే నీ ఎడమ కాలు ఎక్కడుంటుంది?"

"దాని పక్కనే." ఇంకేముందన్నట్టు నవ్వాడు.

"స్ప్రాకెట్ ఊడితే ఆ చైను కొరడాలాగా తిరుగుతుంది పున్నారావ్. ముందు కూర్చున్నాయనకి ఏమీ కాదు. పోయేది నీ కాలు."

"అన్నయ్య చేసింది అన్నయ్యకి తెలీదా వదినా. ఆయన ఎక్కమంటే ఎక్కుతా. ఎప్పుడన్నా కాదన్నానా?"

నిజమే, ఎప్పుడూ కాదనలేదు. అన్న బావిలో దూకమంటే ఎంత లోతని కూడా అడగడు. అన్నగారికి తెలివి లేదు, తమ్ముడికి నోరు లేదు. వీళ్ళిద్దరి మధ్యా ఒక కాలు. వాకిట్లో ముక్కలు ఆరబెడుతున్న అతని భార్య పుష్పవతి మా మాటలన్నీ విన్నది. ఆ పిల్లకప్పుడు ఏడో నెల. చేతిలో జల్లెడ కింద పెట్టేసింది.

మర్నాడు నాన్నని చూసొస్తానని చెప్పి బస్సెక్కాను. బాపులపాడు వెళ్ళలేదు. హనుమాన్ జంక్షన్‌లో దిగి జోజిబాబు షెడ్డుకి వెళ్ళి కొత్త లాకు రేకులు అడిగాను. నార సంగతి విని అతను తల పట్టుకుంటాడనుకున్నాను. "మీవారు కోప్పడితే నా పేరు చెప్పకండమ్మా" అని మాత్రం అన్నాడు. అందరూ మావారి కోపానికి భయపడేవాళ్ళే. మనిషి కాలు గురించి భయపడేవాడు ఒక్కడూ కనపడలేదు.

పందెం ముందు రోజు మధ్యాహ్నం ఈయన పప్పూ మామిడికాయా వేసుకుని కడుపు నిండా తిని, తోటలో మంచం వేయించుకుని గుర్రు పెట్టాడు. నేనూ పుష్పవతీ బండిని బోరు షెడ్డులోకి నెట్టుకెళ్ళాం. ఆ పిల్ల పీట వేసుకుని కూర్చుని, చక్రం తిరక్కుండా బ్రేకు తొక్కి పట్టుకుంది. నేను బోల్టులు ఒక్కొక్కటే ఊడదీశాను. నార అప్పటికే నల్లటి ముద్దయింది. గోనె సంచులు కుట్టే దబ్బనంతో మరల్లోంచి పోగులు పీకి, కిరసనాయిల్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచాను. రేకులు వేసి, వరసగా కాకుండా ఎదురెదురు బోల్టులు బిగించుకుంటూ వచ్చాను. అలా అయితేనే స్ప్రాకెట్ అన్ని వైపులా సమంగా ఆనుతుంది. ఆఖర్న రేకు చెవులు వంచి సుత్తితో తట్టాను. చైను మరీ బిర్రుగా లేకుండా రెండు వేళ్ళ ఆట ఉంచాను.

"ఇప్పుడు ఊడదా అక్కా?" అంది పుష్పవతి.

"ఊడదు. ఊడుతుందేమో చూసుకోవడానికి గుర్తు కూడా పెడుతున్నా" అని పెయింటుతో ప్రతి బోల్టు తల మీంచి స్ప్రాకెట్ మీదికి ఒక గీత గీశాను. బోల్టు తిరిగితే గీత విరుగుతుంది.

ఆ ఆదివారం మా బండి ముందొచ్చింది. గంపలో ఒక్క పండు కూడా చితకలేదు. బసవపున్నారావు ఎడమ కాలితోనూ కుడి కాలితోనూ నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి గంప దించాడు. నాకు ఆ రెండు కాళ్ళూ చూస్తే చాలనిపించింది. వెళ్ళి బోల్టులు చూశాను. గీతలు గీతల్లాగే ఉన్నాయి. ఆఖరి పందెం వచ్చే ఆదివారం. అప్పటికి మళ్ళీ ఓసారి బిగిస్తే సరిపోతుందనుకున్నాను. ఈయనకి చెప్పనవసరం లేదు, గెలిచినవాడు సంబరపడనీ అనుకున్నాను.

ఆ సాయంత్రం చూడాలి ఆ సంబరం. మా అరుగంతా మనుషులే. వాకిట్లో వాళ్ళ బండ్లు. మధ్యలో మా ఆయన జనపనార కట్ట చేత్తో పట్టుకుని ఉపన్యాసం.

"మెకానిక్కులకి ఏం తెలుసయ్యా. రేకులంట, చెవులంట. అవన్నీ పీకి పారేశా. నార చుట్టా. గెలిచిందా లేదా?"

పక్కూరి నారాయణరావు తన బండిని దగ్గరికి తోసుకొచ్చాడు. "నాదానిక్కూడా నీ చేత్తోనే చుట్టు బావా. నీ చెయ్యి మంచిది" అన్నాడు. ఆయన వెనక కూర్చునేది ఆయన చిన్నాన్న కొడుకు. ఆ అబ్బాయి అక్కడే నిలబడి ఉన్నాడు. మా ఆయన స్పానర్ తీసుకుని, వంగి, నారాయణరావు బండి లాకు రేకు చెవి పైకెత్తాడు.

నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గడపలో ఉన్నాను. మా బండి దాకా అయితే కోపం దిగమింగేదాన్నేమో. ఈయన తెలివితక్కువతనానికి నేను చేసిన పని సాక్ష్యం చెబుతోంది, దాన్ని చూసి ఊళ్ళో వాళ్ళంతా కాళ్ళు అప్పగిస్తున్నారు. ఇదెక్కడి ఖర్మ.

"ఆ రేకులు తియ్యకండి అన్నయ్యగారూ" అన్నాను నారాయణరావుతో. "మా బండికి నార లేదు. నిన్న మధ్యాహ్నం నేను పీకేశాను. రేకులు వేసి బిగించింది నేను. గెలిచింది దానివల్ల."

మా ఆయన లేచాడు. మా బండి దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. వంచిన చెవులు, పెయింటు గీతలు. ఎవరో కిసుక్కున నవ్వారు. నారాయణరావు, "అయితే మెకానిక్కు మా చెల్లెమ్మన్నమాట" అన్నాడు. ఆ మాటతో అంతా నవ్వేశారు.

ఆ నవ్వే కొంప ముంచింది. నన్ను తిట్టినా బాగుండేది. ఆయన స్పానర్ పెట్టి, వాళ్ళందరి ముందూ, నేను వంచిన చెవులు పైకెత్తాడు. బోల్టులన్నీ ఊడదీశాడు. రేకులు పీకి నా కాళ్ళ దగ్గర పడేశాడు. మళ్ళీ నార చుట్టి బిగించాడు.

"ఆదివారం చూపిస్తా" అన్నాడు. "ఈ నారతోనే, మా తమ్ముడే వెనక కూర్చుంటాడు."

బసవపున్నారావు స్తంభానికి ఆనుకుని అదంతా చూశాడు. టీ మాత్రం అందరూ తాగే వెళ్ళారు.

ఆ వారమంతా బండి బోరు షెడ్డులో, తాళంచెవి ఈయన మొలతాడుకి. నేను అడిగాను, అరిచాను, అన్నం పెట్టడం మానేశాను. హోటల్లో తినొచ్చాడు. పుష్పవతి ఒక్కతే ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. బసవపున్నారావుని పట్టుకుని, "నువ్వు ఎక్కనని చెప్పు, అంతే చాలు" అన్నాను. "నలుగురిలో అన్నయ్య మాటిచ్చేశాడు కదా వదినా" అన్నాడు. ఎవడి కాలు మీద ఎవడిచ్చిన మాట అది?

ఆదివారం వాగు గట్టు మీద జనం. ఆడవాళ్ళం జీడిమామిడి చెట్ల నీడలో కూర్చున్నాం. ఆ గతుకుల్లో నడవద్దంటే పుష్పవతి వినకుండా వచ్చింది. బండ్లు వరసలో నిలబడ్డాయి. మా ఆయన బండి స్టార్టు చేసి వెనక్కి తిరిగి, "ఎక్కరా" అన్నాడు.

బసవపున్నారావు గంప పట్టుకుని వచ్చాడు. బండి పక్కన ఆగాడు. వంగి చైను వంక చూశాడు. తర్వాత గంప మెల్లగా నేల మీద పెట్టి, అన్న మొహం చూడకుండా, "నేను ఎక్కనన్నయ్యా" అన్నాడు.

"ఏంట్రా?"

"ఎక్కను."

అంతే. భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకుని వచ్చి మా చెట్టు కింద నిలబడ్డాడు. వెనక మనిషి లేకపోతే పందెంలో చేర్చుకునేది లేదన్నారు పెద్దలు. ఈయన మొహం జేగురించింది.

"మీ పందెం ఎవడిక్కావాలి. నా బండి తిరుగుతుందో లేదో చూడండి" అని అరిచాడు. గంపలో పళ్ళూ, గట్టు మీదున్న ఇంకొన్ని గంపల పళ్ళూ రెండు గోతాల్లో పోసి, పాలక్యాన్లు కట్టినట్టు వెనక సీటుకి అటొకటి ఇటొకటి వేలాడదీశాడు. మనిషి బరువుతోనే తిప్పి చూపిస్తాడట. ఒక్కడే వాగులోకి దించాడు. ఇసక దాటాడు. అవతలి గట్టెక్కడానికి బండి గట్టిగా అందుకుంది.

చైను తెగిన చప్పుడు మా దాకా వినపడింది.

వెనక చక్రం పట్టేసి బండి అడ్డం తిరిగి ఇసకలో పడింది. ఈయన కుడి పక్కకి దొర్లి, లేచి, పంచె దులుపుకున్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. అందరూ పరిగెత్తారు. మేమూ వెళ్ళాం. స్ప్రాకెట్ పక్కకి ఒరిగిపోయింది. బోల్టులు కొన్ని ఊడిపోయాయి, కొన్ని తెగిపోయాయి, ఒకటి నల్లటి పీచుతో వేలాడుతోంది. చైను ముందుకెళ్ళి ముడుచుకుపోయి ఇంజను కేసు పగలగొట్టింది. నూనె ఇసకలోకి కారుతోంది.

కుడి పక్క గోతాం కట్టినది కట్టినట్టే ఉంది. ఎడమ పక్కది చీలికలు పేలికలైంది. అందులో పండన్నది లేదు. రసం, తొక్కు, పగిలిన టెంకలు. బసవపున్నారావు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. అతని చెయ్యి ఎడమ తొడ మీద ఉంది. అక్కడ పెట్టుకున్నట్టు అతనికే తెలియదు.

మా ఆయన వంగి చక్రం చూసి, "ఇంకో చుట్టు చుట్టి ఉంటే ఆగేది" అన్నాడు.

నిజంగా ఆ మాటే అన్నాడు. ఎదురుగా ఉన్న నారాయణరావు మొహం తిప్పుకున్నాడు.

జనాన్ని తప్పుకోమంటూ పుష్పవతి ముందుకొచ్చింది. ఒక చెయ్యి కడుపు కింద ఆనించుకుని, ఇసకలో మోకాళ్ళ మీద కూలబడి, ఎడమ గోతాంలోకి రెండో చెయ్యి పెట్టి ఆ ముద్ద పిడికెడు తీసింది. కష్టపడి లేచి మా ఆయన ఎదురుగా నిలబడింది. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుటికి రాదు, ఆయనతో మాట్లాడదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల గొంతు ఆయన విన్నది లేదు.

"బావగారూ, ఇది ఆయన కాలండీ" అంది.

గట్టిగా కూడా అనలేదు. వేళ్ళ సందుల్లోంచి రసం మోచేతి దాకా కారుతోంది. మా ఆయన ఆ చేతి వంక చూడలేకపోయాడు. ఆ పిల్లని అవతలికి తీసుకెళ్ళమన్నట్టు నా వైపు చూసి సైగ చేశాడు.

నేను కదల్లేదు. "మిమ్మల్నే అడుగుతోంది, సమాధానం చెప్పండి" అన్నాను. ఆ సమాధానం రాలేదు కాబట్టే మా ఇంట్లో రెండో పొయ్యి వెలిగింది.